యునైటెడ్ ఫ్రంట్ 1996–98: కూల్చింది పదమూడు పార్టీలు కాదు, పద్నాలుగోది

గవర్నర్‌పేట_పాతకాగితం
గ్రూప్-1 మెయిన్స్‌కి తయారయ్యే పిల్లల జవాబులు దిద్దుతుంటే ఒకే వాక్యం పదేపదే తగులుతోంది: "యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం అంతర్గత కలహాల వల్ల కూలిపోయింది." కలహాలు లేవని ఎవరూ అనరు. కానీ ఆ పదమూడు పార్టీల కూటమి ప్రభుత్వం పడింది రెండుసార్లు. 1997 మార్చి 30న ప్రధాని దేవెగౌడకి, నవంబర్ 28న ఆయన తర్వాతి ప్రధాని గుజ్రాల్‌కి మద్దతు పోయింది. రెండుసార్లూ కాళ్ల కింద చాప లాగింది ఫ్రంటులో లేకుండా బయటి నుంచి మద్దతిచ్చిన కాంగ్రెస్సే. లోపలి పార్టీ ఏదీ మద్దతు తీసేయలేదు. లోపలివాళ్లు పోట్లాడుకుని, అలిగి, మళ్లీ వచ్చి అదే బల్ల దగ్గర కూర్చున్నారు. బయటివాడికి కూర్చోడానికి బల్లే లేదు. నా వాదన ఇంతే. కాదంటే లెక్కతో రండి.

పటమట_లెక్కలు
లెక్క నేను వేస్తా. 1996 లోక్‌సభలో బీజేపీ 161, కాంగ్రెస్ 140. ఇక ఫ్రంటు వైపు: జనతాదళ్ 46, సీపీఎం 32, తమిళ మానిల కాంగ్రెస్ 20, డీఎంకే 17, సమాజ్‌వాదీ 17, తెలుగుదేశం 16, సీపీఐ 12, అస్సాం గణపరిషత్ 5, ఆర్ఎస్పీ 5, ఫార్వర్డ్ బ్లాక్ 3. కూడితే 173. చిన్నాచితకా పార్టీలు కలిసినా రెండొందలు దాటదు. 543లో సగం దాటాలంటే 272 కావాలి.

అంటే తక్కువైంది ఐదో పదో కాదు, వంద దాకా. ఐదో పదో అయితే స్వతంత్రుల్ని, చిన్న పార్టీల్ని పట్టుకుని నెట్టుకురావచ్చు. వంద మందిని ఇవ్వగలిగింది సభలో రెండే పార్టీలు. బీజేపీ దగ్గరికి పోలేరు, ఎందుకంటే ఫ్రంటు పుట్టిందే దాన్ని ఆపడానికి. మిగిలింది కాంగ్రెస్. ఒకే దుకాణంలో అప్పు పెట్టినవాడికి బేరమాడే నోరుండదు.

బ్రాడీపేట_ఎరుపు
పాతకాగితం గారూ, సగం ఒప్పుకుంటా. మొదటి తప్పు మాత్రం మావాళ్లదే అని చెప్పక తప్పదు. వాజ్‌పేయి మే 16న ప్రమాణం చేశారు, ఓటింగు దాకా వెళ్లకుండా 28న రాజీనామా చేశారు. అంతకుముందే ఫ్రంటు నాయకులు ప్రధానిగా వి.పి.సింగ్‌ని అడిగారు, ఆయన కాదన్నారు. తర్వాత బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు పేరు. సీపీఎం ప్రధాన కార్యదర్శి సుర్జీత్, బసు ఇద్దరూ సరేనన్నా కేంద్ర కమిటీలో మెజారిటీ వద్దంది. 32 మంది ఎంపీలతో మన విధానం అమలు చేయలేం, ఇతరుల విధానానికి మనం పూచీ పడతాం అన్నది వాళ్ల తర్కం. అది చారిత్రక తప్పిదమని బసే తర్వాత అన్నారు.

బసు వచ్చి ఉంటే ఏమయ్యేది? కాంగ్రెస్ అప్పుడూ మద్దతు తీసేదేమో. కానీ పంతొమ్మిదేళ్లు వరసగా ముఖ్యమంత్రిగా, అదీ కూటమి ప్రభుత్వానికి, పనిచేసిన మనిషి కింద నుంచి కుర్చీ లాగడం, నిన్నటిదాకా కర్ణాటక ముఖ్యమంత్రిగా ఉండి, అప్పటికి పార్లమెంటు సభ్యుడు కూడా కాని దేవెగౌడ కింద నుంచి లాగడం ఒకటి కాదు.

గ్రూప్స్_గుంటూరు
సార్, ఒక సందేహం. సీపీఎం బయటి నుంచి మద్దతు, కాంగ్రెస్ కూడా బయటి నుంచి మద్దతు. మరి సీపీఎంతో రాని ఇబ్బంది కాంగ్రెస్‌తో ఎందుకొచ్చింది?

గవర్నర్‌పేట_పాతకాగితం
అసలు ప్రశ్న ఇదే తమ్ముడూ. "బయటి మద్దతు" అని ఒకే మాట వాడతాం గానీ అందులో రెండు రకాలున్నాయి.

సీపీఎం మంత్రివర్గంలో చేరలేదు, కానీ ఫ్రంటుని నడిపే స్టీరింగ్ కమిటీలో కూర్చుంది. ఆ కమిటీకి కన్వీనర్ మన చంద్రబాబు నాయుడు. 1996 జూన్ 5న ఉమ్మడి కనీస కార్యక్రమం ప్రకటించారు, దాని తయారీలో సీపీఎం పాలుపంచుకుంది. సీపీఐ ఏకంగా మంత్రివర్గంలోకే వెళ్లింది: ఇంద్రజిత్ గుప్తాకి హోం, చతురానన్ మిశ్రాకి వ్యవసాయం. కేంద్ర మంత్రివర్గంలో కమ్యూనిస్టులు కూర్చోవడం అదే మొదలు. ఆ జులైలో పెట్రోలు, డీజిల్ ధరలు పెంచితే వామపక్షాలు కస్సుమన్నాయి. డీజిల్ పెంపు కొంత తగ్గించారు. కోపం వచ్చింది, కమిటీలో కక్కేశారు, సర్దుకుంది.

కాంగ్రెస్‌కి స్టీరింగ్ కమిటీలో చోటు లేదు, ఉమ్మడి కార్యక్రమం మీద సంతకం లేదు. దానికి కోపం వస్తే చెప్పుకునే చోటు రెండే: పత్రికలవాళ్ల ముందు, రాష్ట్రపతి భవన్లో.

లక్ష్మీపురం_లా
చోటు ఎందుకివ్వలేదో కూడా చెప్పాలిగా. మొహమాటం వల్ల కాదు. తెలుగుదేశానికి ఇక్కడ, జనతాదళ్‌కి కర్ణాటకలో, సీపీఎంకి బెంగాల్లో, కేరళలో, గణపరిషత్‌కి అస్సాంలో ఎదుటి పార్టీ ఎవరు? కాంగ్రెస్సే. 1996లో మన చుట్టూ ఉన్న ఆరు లోక్‌సభ స్థానాలు చూడండి. విజయవాడలో ఉపేంద్ర, గుంటూరులో రాయపాటి సాంబశివరావు, ఇద్దరూ కాంగ్రెస్. నరసరావుపేటలో కోట సైదయ్య, తెనాలిలో శారద, బాపట్లలో ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు, మచిలీపట్నంలో కైకాల సత్యనారాయణ, నలుగురూ తెలుగుదేశం. రెండుకి నాలుగు. బందరు రోడ్డు మీద ఒకరి ఫ్లెక్సీ ఒకరు చించుకుని, ఢిల్లీలో ఒకే కమిటీలో టీ తాగితే కార్యకర్త ఊరుకుంటాడా?

పైగా చమత్కారం చూడండి. ఆ గెలిచిన ఉపేంద్రే 1989–90లో వి.పి.సింగ్ నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వంలో తెలుగుదేశం తరఫున సమాచార ప్రసార మంత్రి. మన దగ్గర కూటములకంటే మనుషులే ఎక్కువ తిరుగుతారు.

పటమట_లెక్కలు
1996లో ఫ్లెక్సీలెక్కడివి లా గారూ, గోడరాతలూ గుడ్డ బ్యానర్లూ గానీ 🙂

లక్ష్మీపురం_లా
సరే, గోడలు అనుకోండి. ఒకరి రాత మీద ఒకరు సున్నం కొట్టుకున్నారు.

గ్రూప్స్_గుంటూరు
మద్దతు ఉపసంహరణ అంటే అసలు ఏం జరుగుతుంది? లేఖ ఇవ్వగానే ప్రభుత్వం పడిపోయినట్టేనా?

లక్ష్మీపురం_లా
కాదు. జవాబులో ఇక్కడే మార్కులు పోతాయి, వరసగా రాసుకో.

లేఖ రాష్ట్రపతికి ఇస్తారు. దాంతో ప్రభుత్వం పడదు. మెజారిటీ మీద అనుమానం పుట్టిందని రాష్ట్రపతి ప్రధానిని ఫలానా తేదీలోగా సభలో బలం నిరూపించుకోమంటారు. కాంగ్రెస్ అధ్యక్షుడు కేసరి లేఖ మార్చి 30న వెళ్లింది, ఓటింగు ఏప్రిల్ 11న జరిగింది. మధ్యలో పన్నెండు రోజులు దేవెగౌడే ప్రధాని, చట్టప్రకారం పూర్తి అధికారాలతో.

సభలో పెట్టేది అవిశ్వాసం కాదు, విశ్వాస తీర్మానం. అవిశ్వాసానికి లోక్‌సభ నిబంధనల్లో 198 ఉంది, యాభై మంది లేచి నిలబడితేగానీ చర్చకు రాదు. విశ్వాస తీర్మానానికి విడిగా నిబంధన లేదు. మామూలు తీర్మానాలకి వాడే 184 కిందే ప్రధాని ప్రవేశపెడతారు. గెలవడానికి మొత్తం సభ్యుల్లో సగం అక్కర్లేదు, హాజరై ఓటు వేసినవాళ్లలో మెజారిటీ చాలు. ఓట్లు సమానంగా చీలితేనే స్పీకరు ఓటేస్తారు. అప్పటి స్పీకరు పి.ఎ.సంగ్మా.

మొదట నోటి ఓటు. ఎవరైనా డివిజన్ అడిగితే గంట మూడున్నర నిమిషాలు మోగుతుంది, తలుపులు మూస్తారు, మీట నొక్కుతారు. మీట పనిచేయకపోయినా, తప్పు నొక్కినా చీటీ ఇస్తారు: అవునుకి ఆకుపచ్చ, కాదుకి ఎరుపు, తటస్థానికి పసుపు. అందుకే బోర్డు మీద మొదట పడిన అంకె, చీటీలు కలిపాక వచ్చే అంకె వేరుగా ఉంటాయి. పాత పత్రికల్లో ఒకే ఓటింగుకి రెండు లెక్కలు కనబడితే కంగారుపడకండి, ఏది ఎప్పటిదో చూసుకోండి.

విప్, అంటే ఇలా ఓటేయమన్న పార్టీ ఆదేశం, ధిక్కరిస్తే రాజ్యాంగం పదో షెడ్యూలు కింద సభ్యత్వం పోతుంది, పార్టీ పదిహేను రోజుల్లో క్షమిస్తే తప్ప. అప్పట్లో మూడో వంతు మంది చీలితే రక్షణ ఉండేది, దాన్ని 2003లో 91వ సవరణతో తీసేశారు.

బ్రాడీపేట_ఎరుపు
ఏప్రిల్ 11 ఓటింగులో కాంగ్రెస్, బీజేపీ ఒకే వైపు ఓటేశాయి. మతతత్వ శక్తుల్ని అరికట్టలేదని నింద వేసి మద్దతు తీసిన పార్టీ, ఆ శక్తులతో కలిసి ప్రభుత్వాన్ని దించింది. ఇది రాయకుండా జవాబు పూర్తికాదు.

గవర్నర్‌పేట_పాతకాగితం
ఎరుపు గారూ, అది వాదనకి బాగుంటుంది, కారణం కాదు. కారణానికి తేదీలు పక్కపక్కన పెట్టాలి.

1996 మేలో మద్దతు ఇచ్చింది పి.వి.నరసింహారావు నడిపే కాంగ్రెస్. ఆ సెప్టెంబర్లో ఆయన పార్టీ అధ్యక్ష పదవి వదిలారు, సీతారాం కేసరి వచ్చారు. 1997 జనవరిలో పార్లమెంటరీ పార్టీ నాయకత్వమూ కేసరికే. అంటే మాట ఇచ్చిన మనిషి వేరు, మాట నిలబెట్టాల్సిన మనిషి వేరు. రాతపూర్వక ఒప్పందం ఉంటే పార్టీని కట్టేస్తుంది. మాటమద్దతు ఇద్దరు మనుషుల మధ్య సర్దుబాటు, మనిషి మారితే అది గాలికి.

ఇక ఉత్తరప్రదేశ్. 1996 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ అక్కడ బీఎస్పీతో పొత్తు పెట్టుకుంది. సభ త్రిశంకు, రాష్ట్రపతి పాలన. 1997 మార్చి 21న బీఎస్పీ వెళ్లి బీజేపీతో కలిసింది, మాయావతి ముఖ్యమంత్రి అయ్యారు. తొమ్మిది రోజులకి కేసరి లేఖ. పెద్ద రాష్ట్రంలో కాళ్ల కింద నేల పోయిన పార్టీ ఢిల్లీలో బలం చూపించాలనుకుంది. కేసరి మీద దర్యాప్తుల భయం ఉందని అప్పుడు అందరూ అనుకున్న మాట. అది జవాబులో రాయొద్దు, పరీక్షలో నిలబడదు.

కృష్ణా_ఆయకట్టు
మీరంతా ఢిల్లీలోనే ఉన్నారు, కాస్త బ్యారేజీ దగ్గరికి రండి. లోపలి గొడవలు స్టీరింగ్ కమిటీలో ఎలా సర్దుకున్నాయో చెప్పడానికి ఆల్మట్టిని మించిన ఉదాహరణ లేదు.

ప్రధాని కర్ణాటక మనిషి, కన్వీనర్ ఆంధ్ర మనిషి. కృష్ణా మీద ఆల్మట్టి డ్యామ్‌ని 524.256 మీటర్లకి కడతానని కర్ణాటక అంది. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపు ప్రకారం ఎగువ కృష్ణా ప్రాజెక్టుకి 173 టీఎంసీలు, దానికి అంత ఎత్తు అక్కర్లేదని మనం. తేడా కొన్ని మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ జలాశయం పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది, పై మీటరులో పట్టే నీళ్లు కింది మీటరుకంటే చాలా ఎక్కువ. కర్ణాటక పట్టుకున్నాక మిగిలిందే జూరాల, శ్రీశైలం, సాగర్ దాటి ప్రకాశం బ్యారేజీకి రావాలి. వాన తక్కువైన ఏడు జూన్, జులైలో కాలవలకి నీళ్లు ఆలస్యమైతే డెల్టాలో నారుమడే పడదు. దెబ్బ మొత్తం నీళ్లకంటే సమయం మీదే ముందు పడుతుంది.

1996 ఆగస్టులో ఫ్రంటు నలుగురు ముఖ్యమంత్రుల కమిటీ వేసింది. వాళ్లు నిపుణుల్ని పెట్టారు. 173 టీఎంసీలకి 519.6 మీటర్లు చాలన్నారు నిపుణులు. కర్ణాటక దాంతో సరిపెట్టుకోలేదు, కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. 2000 ఏప్రిల్ 25న కోర్టు కూడా 519.6 దాకానే ఒప్పుకుంది. (తర్వాత 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 524.256కి సరే అంది, అది వేరే ఏడుపు.)

గమనించాల్సింది ఏంటంటే, ఇంత గొడవలోనూ తెలుగుదేశం మంత్రివర్గం నుంచి బయటికి రాలేదు. ఎర్రన్నాయుడు గ్రామీణాభివృద్ధి చూస్తూనే ఉన్నారు, బాపట్ల ఉమ్మారెడ్డి పట్టణ వ్యవహారాలు చూస్తూనే ఉన్నారు.

లక్ష్మీపురం_లా
ఆయకట్టు గారి పోస్టు బంగారం. కానీ అందరూ లోపల అంత సుబ్బరంగా ఉన్నారనుకోవద్దు. దేవెగౌడ పడ్డాక కొత్త నాయకుడి కోసం ఆంధ్రభవన్లో జరిగింది చూడండి. మూపనార్ పేరు వచ్చింది, ములాయం పేరు వచ్చింది, ఒకరు ఒకరిని కానివ్వలేదు. ఎవరికీ అభ్యంతరం లేని మనిషిగా గుజ్రాల్ తేలారు. ఏప్రిల్ 21న ప్రమాణం, 22న విశ్వాస ఓటు. మూపనార్ని కాదన్నందుకు తమిళ మానిల కాంగ్రెస్ మంత్రివర్గంలో చేరలేదు. ఆ పార్టీకి చెందిన చిదంబరం లేకపోవడంతో ఆర్థిక శాఖ మే 1 దాకా గుజ్రాల్ దగ్గరే ఉంది.

ఇది చిన్న విషయం కాదు. ఫిబ్రవరి 28న బడ్జెట్ పెట్టారు. కస్టమ్స్, ఎక్సైజ్ మార్పులు ఆ రాత్రి నుంచే అమల్లోకి వచ్చాయి, అప్పట్లో ఉన్న 1931 నాటి తాత్కాలిక పన్నుల వసూలు చట్టం కింద. ఆ గడువు డెబ్బై అయిదు రోజులు, అంటే మే నడుమకి తీరిపోయేది. ఆలోగా ఫైనాన్స్ బిల్లు నెగ్గకపోతే వసూలు చేసింది వెనక్కివ్వాల్సి వచ్చేది. కేసరి లేఖ వచ్చింది సరిగ్గా ఆ గడువు మధ్యలో! కొత్త ప్రధానిని మూడు వారాల్లో తేల్చాల్సి రావడానికి, మధ్యంతర ఎన్నికలు ఎవరూ కోరకపోవడానికి ఈ గడియారం కూడా ఒక కారణం.

పటమట_లెక్కలు
ఆ బడ్జెట్ గురించి ఒక్కమాట. ఆదాయపన్ను మూడు మెట్లు 10, 20, 30. పై మెట్టు 40 నుంచి 30కి దిగింది. దేశీయ కంపెనీల పన్ను 35. ప్రభుత్వం ఎప్పుడంటే అప్పుడు రిజర్వు బ్యాంకు చేత నోట్లు కొట్టించుకునే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు 1997 ఏప్రిల్ 1 నుంచి బంద్. స్వచ్ఛంద వెల్లడి పథకంలో ఖజానాకి పదివేల కోట్లు వచ్చాయి. జూన్లో లక్ష్యిత ప్రజాపంపిణీ: పేద కుటుంబానికి నెలకి పది కిలోలు. ట్రాయ్ చట్టమూ అప్పటిదే.

వామపక్షాల మద్దతుతో నడిచే ప్రభుత్వం పన్నులు తగ్గించింది. మధ్యే-వామపక్షం అనే పేరు చూసి విధానం ఊహించుకుంటే బోల్తా పడతాం.

బ్రాడీపేట_ఎరుపు
మహిళా రిజర్వేషన్ బిల్లునీ చేర్చండి. 1996 సెప్టెంబర్ 12న పెట్టారు, సీపీఐ గీతా ముఖర్జీ అధ్యక్షతన సంయుక్త సంఘానికి వెళ్లింది, డిసెంబర్లో నివేదిక వచ్చింది. అక్కడ ఆగింది. ఆపింది కాంగ్రెస్ కాదు, మన ఫ్రంటులోని వెనకబడిన తరగతుల నాయకులే, ఉపకోటా కావాలని. పాతకాగితం గారి సిద్ధాంతానికి ఇక్కడ కన్నం ఉంది: లోపలి గొడవ ప్రభుత్వాన్ని కూల్చకపోవచ్చు, పని మాత్రం ఆపుతుంది.

గవర్నర్‌పేట_పాతకాగితం
ఒప్పుకున్నా. దానికితోడు జనతాదళ్ కూడా చీలింది. గడ్డి కుంభకోణంలో చార్జిషీటు, 1997 జులైలో బీహార్ ముఖ్యమంత్రి లాలూ ఆర్జేడీ అని వేరు పార్టీ పెట్టారు, రాజీనామా చేసి రబ్రీదేవిని కూర్చోబెట్టారు. అయినా ఆర్జేడీ కేంద్రాన్ని పడగొట్టలేదు. అక్టోబర్లో యూపీలో కళ్యాణ్‌సింగ్ ప్రభుత్వాన్ని రద్దు చేయమని గుజ్రాల్ మంత్రివర్గం సిఫారసు చేస్తే రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ తిప్పి పంపారు. మంత్రివర్గం పట్టుబట్టకుండా వదిలేసింది. పరువు పోయింది, ప్రభుత్వం పోలేదు.

పోయింది జైన్ కమిషన్ దగ్గర. రాజీవ్ హత్య మీద మధ్యంతర నివేదిక ఆగస్టులోనే ప్రభుత్వానికి అందింది. నవంబర్లో పత్రికలో బయటపడింది, 20న సభలో పెట్టారు. ఆ నివేదిక డీఎంకేని తప్పుపట్టింది కాబట్టి డీఎంకే మంత్రుల్ని తీసేయమంది కాంగ్రెస్. తీసేస్తే ఫ్రంటు మిగలదు, తీయకపోతే మద్దతు మిగలదు. గుజ్రాల్ తీయనన్నారు. నవంబర్ 28న ఉపసంహరణ, అదే రోజు రాజీనామా, డిసెంబర్ 4న సభ రద్దు. ఆ డీఎంకేతోనే 2004లో కాంగ్రెస్ పొత్తు పెట్టుకుని మంత్రిపదవులిచ్చింది, అది పక్కన పెడదాం.

గ్రూప్స్_గుంటూరు
2004లో కాంగ్రెస్ నడిపిన యూపీఏ కూటమికి వామపక్షాలు బయటి నుంచే మద్దతిచ్చాయి కదా, అది నాలుగేళ్లు ఎలా నిలిచింది?

పటమట_లెక్కలు
59 మంది. కానీ యూపీఏ, వామపక్షాల మధ్య సమన్వయ కమిటీ ఉండేది. అణు ఒప్పందం మీద 2008 జులైలో తెగేదాకా కోపతాపాలు అందులోనే. ఇంకో తేడా, అక్కడ తక్కువైన సంఖ్య చిన్నది. వామపక్షాలు పోయినా సమాజ్‌వాదీని తెచ్చుకుని జులై 22న 275–256తో గట్టెక్కారు. 1997లో వంద మందిని ఎక్కడి నుంచి తేవాలి?

కృష్ణా_ఆయకట్టు
1998 ఫలితం కూడా పెట్టండి. రాష్ట్రంలో తెలుగుదేశం 16 నుంచి 12కి దిగింది, కాంగ్రెస్ 22 దగ్గరే, బీజేపీకి 4. మన ఆరు స్థానాల్లో ఆరూ కాంగ్రెస్! తెనాలి శివశంకర్, బాపట్ల నేదురుమల్లి, నరసరావుపేట రోశయ్య, మచిలీపట్నం కావూరి. విజయవాడ, గుంటూరు పాతవాళ్లే.

లక్ష్మీపురం_లా
జనతాదళ్ దేశం మొత్తం మీద 46 నుంచి 6కి. తర్వాత కథ తెలిసిందే: తెలుగుదేశం మొదట తటస్థం అంది, ఫ్రంటు కన్వీనర్ పదవి పోయింది, మార్చి 24న తెలుగుదేశం బాలయోగి స్పీకరయ్యారు, 28న వాజ్‌పేయి 274–261తో నెగ్గినప్పుడు తెలుగుదేశం అటే ఓటేసింది.

బ్రాడీపేట_ఎరుపు
చూశారా, ఫ్రంటుని పాతిపెట్టినప్పుడు మట్టి వేసింది లోపలివాళ్లే.

గవర్నర్‌పేట_పాతకాగితం
పాతిపెట్టడం వేరు, చంపడం వేరు ఎరుపు గారూ.

గ్రూప్స్_గుంటూరు
చివరిది సార్. "గుజ్రాల్ విశ్వాస ఓటులో ఓడిపోయారు" అని మా నోట్సులో ఉంది. అలాగే రాయనా?

లక్ష్మీపురం_లా
కొట్టెయ్. ఓటులో ఓడింది దేవెగౌడ. గుజ్రాల్ ఎదుర్కొన్న విశ్వాస ఓటు 1997 ఏప్రిల్ 22ది ఒక్కటే, అందులో నెగ్గారు. నవంబర్లో ఓటింగే జరగలేదు. రాజీనామా చేసి, 1998 మార్చి 19 దాకా ఆపద్ధర్మ ప్రధానిగా ఉన్నారు. నోట్సు ఇచ్చినవాళ్లకి కూడా చెప్పు.